నడక ఒక్కటే సరిపోదు: శేరిలింగంపల్లి జోనల్ కమిషనర్ గారికి బహిరంగ లేఖ



నేను చందానగర్‌లో ఉండే ఫిజియోథెరపిస్టుని. మియాపూర్, హఫీజ్‌పేట, కొండాపూర్, నల్లగండ్ల ప్రాంతాల్లో ఇళ్లకు వెళ్లి పెద్దవాళ్లకు చికిత్స చేస్తుంటాను. మీకు రోజూ రోడ్ల మీద, మురుగు కాల్వల మీద అర్జీలు వస్తుంటాయి. నేను రాస్తున్నది అరవై దాటినవాళ్ల కాళ్లలో కరిగిపోతున్న కండ గురించి. వైద్య శాఖకు రాయాల్సింది మీకెందుకు రాస్తోంది అనుకోవచ్చు. ఈ జబ్బుకు మందు ఆసుపత్రిలో కన్నా మీ చేతిలో ఉన్న పార్కుల్లో, కమ్యూనిటీ హాళ్లలో ఎక్కువగా ఉంది. అందుకే ముందు మీకు రాస్తున్నాను.

హైటెక్ సిటీ ఉన్న చోటు కాబట్టి ఇదంతా కుర్రకారు ఉండే ప్రాంతమని బయటివాళ్లు అనుకుంటారు. సైబర్ టవర్స్ తెరిచింది 1998లో. అప్పట్లో పాతికేళ్ల వయసులో ఉద్యోగాల్లో చేరినవాళ్లకు ఇప్పుడు యాభై దాటింది. వాళ్ల అమ్మానాన్నలు కరీంనగర్‌లోనో గుంటూరులోనో అనంతపురంలోనో ఇంటికి తాళం వేసి వచ్చి, ఇక్కడ పదో అంతస్తులోనో పద్నాలుగో అంతస్తులోనో ఉంటున్నారు. పిల్లలు అమెరికాలో ఉంటే ఫ్లాట్‌లో ఇద్దరే కాలం వెళ్లదీస్తున్నవాళ్లూ తక్కువేం కాదు. బీహెచ్‌ఈఎల్‌లోనో సెంట్రల్ యూనివర్సిటీలోనో పనిచేసి రిటైరై, లింగంపల్లి చుట్టుపక్కల ఇళ్లు కట్టుకున్నవాళ్లు ఉన్నారు. ఈ టవర్లు కట్టడానికి పాలమూరు నుంచి వచ్చి బస్తీల్లోనే ఉండిపోయిన కూలీలు, మేస్త్రీలు, ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లు ఉన్నారు. వీళ్లందరికీ వయసు మీద పడుతోంది.

ముప్పై, నలభై ఏళ్ల మధ్య నుంచే మనిషి ఒంట్లో కండ మెల్లగా తగ్గడం మొదలవుతుంది. అరవై దాటాక ఆ తగ్గుదల వేగం అందుకుంటుంది. కండ తగ్గే వేగం కన్నా బలం తగ్గే వేగం ఇంకా ఎక్కువ. అందులోనూ ముందు పోయేది కాళ్ల బలం, చురుగ్గా కదిలించే కండ పోగులు. కాలు జారినప్పుడు రెండో కాలు చటుక్కున ముందుకు వేసి నిలదొక్కుకోవడానికి పనికొచ్చేవి అవే. అవి పోయాక పడిపోవడం, తుంటి ఎముక విరగడం, మంచం పట్టడం ఒకదాని వెంట ఒకటి వస్తాయి. దీనికి సార్కోపీనియా అన్న పేరు 1980ల చివర్లో అమెరికా శాస్త్రవేత్త ఇర్విన్ రోజెన్‌బర్గ్ పెట్టారు. అమెరికాలో వాడే జబ్బుల కోడ్‌ల జాబితాలో దీనికి విడిగా చోటు దొరికింది 2016లో. మన దగ్గర మాత్రం చాలా ఇళ్లల్లో ఇప్పటికీ దీన్ని జబ్బుగా ఎవరూ లెక్కపెట్టరు. "వయసైపోయింది కదా" అని ఊరుకుంటారు.

ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఆ పెద్దవాళ్లకు వ్యాయామమనే మాటతో పనిలేదు. కింద కూర్చుని కూరగాయలు తరగడం, బిందె చంకనెత్తుకోవడం, దొడ్లో గొంతుకూర్చుని లేవడం, పొలం గట్టెక్కి దిగడం, అన్నీ కాళ్లకు బరువు పెట్టే పనులే. ఫ్లాట్‌లోకి వచ్చాక ఆ పనులన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. లిఫ్టు, సోఫా, ఎత్తు కమోడ్, పనమ్మాయి. పిల్లలు ప్రేమతోనే "నువ్వేం చెయ్యకమ్మా, కూర్చో" అంటారు. ఊరి నుంచి వచ్చిన రెండు మూడేళ్లలోనే కాళ్లు సన్నబడి, గోడ పట్టుకుని నడిచే స్థితికి వచ్చిన మనుషుల్ని నేను చాలామందిని చూశాను.

ఇలాంటి ఒకామె గురించి కాస్త వివరంగా చెప్పనివ్వండి. డెబ్బై దాటిన పెద్దమ్మ. కరీంనగర్ వైపు నుంచి కొడుకు దగ్గరికి వచ్చింది. వానాకాలంలో డెంగీ జ్వరంతో ఆసుపత్రిలో చేరింది. జ్వరం తగ్గింది, ప్లేట్‌లెట్లు పెరిగాయి, ఇంటికి పంపించారు. కానీ కుర్చీలోంచి లేవలేకపోయింది. బాత్రూముకు వెళ్లాలంటే కోడలు చంకలకింద చేతులు పెట్టి లేపాలి. నేను వెళ్లిన రోజు ఆమె అన్న మాట ఇది: "కూసుంటే లేవొస్తలేదు బిడ్డా. కాళ్లల్ల సత్తువ లేదు. గీ డబ్బ పొడి తాగుడు షురూ జేసి నెలలాయె, కాళ్లు గట్లనే ఉన్నయి."

టేబుల్ మీద ప్రొటీన్ పొడి డబ్బా ఉంది. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి పాలల్లో కలిపి ఇస్తున్నారు. కోడలు శ్రద్ధగల మనిషి, కొలత చెంచా కూడా తప్పలేదు. లోపమల్లా ఆ పెద్దమ్మ రోజంతా సోఫాలోనూ మంచం మీదనూ గడపడంలో ఉంది. పనిలేని కండకు ఎంత ప్రొటీన్ అందించినా దాన్ని వాడుకుని పెరగదు. ఆసుపత్రి పడక ఎంత నష్టం చేస్తుందో 2007లో అమెరికాలో చేసిన ఒక అధ్యయనం కొలిచి చూపించింది. సగటున 67 ఏళ్ల వయసున్న ఆరోగ్యవంతుల్ని పదిరోజులు పడక మీద ఉంచితే, ఒక్క కాళ్లలోనే సుమారు కిలో కండ పోయింది. వాళ్లకు ఏ జబ్బూ లేదు, మూడు పూటలా సరైన తిండి తిన్నారు. ఇక జ్వరంతో, నోరు చేదెక్కి, నాలుగు ముద్దలు కూడా దిగని మనిషి సంగతి వేరే చెప్పాలా?

సోఫా మానిపించి గట్టి కుర్చీ తెప్పించాం. దాని మీద రెండు గట్టి దిండ్లు వేసి ఎత్తు పెంచాం. పాదాలు కాస్త వెనక్కి జరిపి, ఛాతీ ముందుకు వంచి, "ముక్కు మోకాళ్ల మీదికి రావాలె పెద్దమ్మా, అప్పుడు లే" అని చెప్పాను. మొదట్లో నా చేయి పట్టుకుని లేచేది. కూర్చునేటప్పుడు దబ్బున కూలబడేది. అలా కూలబడకుండా నెమ్మదిగా దిగడమే ఈ వ్యాయామంలో సగం పని. మూడు అంకెలు లెక్కపెడుతూ దిగమనేదాన్ని. కొంత కాలానికి ఒక దిండు తీసేశాం, తర్వాత రెండోది. వంటింటి గట్టు పట్టుకుని మడమలెత్తి ముని వేళ్ల మీద నిలబడటం నేర్పాను. అరకిలో కందిపప్పు ప్యాకెట్‌ను పాత తువ్వాలులో చుట్టి చీలమండకు కట్టి, కూర్చునే కాలు చాపించాను. అది తేలికైపోయాక కిలో ప్యాకెట్ కట్టాం. చివరి రెండు మూడు సార్లు కష్టంగా ఉండాలి, అప్పుడే కండకు పని చెప్పినట్టు. తేలికైన కొద్దీ బరువు పెంచుతూ పోవాలి. ఈ రెండు సూత్రాలూ ఒలింపిక్స్‌కు సిద్ధమయ్యేవాళ్లకూ పెద్దమ్మకూ ఒకటే. పొడి మానలేదు, తగ్గించి గుడ్డు, పెసరట్టు కలిపాం. చలికాలం దాటేసరికి ఆమె ఎవరి సాయం లేకుండా బాత్రూముకు వెళ్లొస్తోంది.

ఇది నా చేతి మహిమ అని చెప్పుకోవడానికి రాయలేదు. ప్రపంచానికి తెలిసి ముప్పై ఏళ్లు దాటిన సంగతే. బోస్టన్‌లోని హీబ్రూ రీహాబిలిటేషన్ సెంటర్‌లో మరియా ఫియాటరోన్ అనే వైద్యురాలు 1990లో సగటున తొంభై ఏళ్ల వయసున్న వృద్ధుల చేత ఎనిమిది వారాలు కాళ్లతో బరువులు ఎత్తించారు. బలం సగటున 174 శాతం పెరిగింది. 1994లో ఆమె బృందమే నూరు మందితో ఇంకా పెద్ద పరీక్ష చేసింది. సగటు వయసు 87. వాళ్లను నాలుగు గుంపులు చేశారు. కొందరికి వ్యాయామం, కొందరికి బలవర్ధక పానీయం, కొందరికి రెండూ, మిగతావాళ్లకు రెండూ లేవు. పదివారాల తర్వాత వ్యాయామం చేసినవాళ్ల కాళ్ల బలం 113 శాతం పెరిగింది, చేయనివాళ్లలో 3 శాతమే. మెట్లెక్కే శక్తి పెరిగింది, నడక వేగం పెరిగింది. వ్యాయామం లేకుండా పానీయం మాత్రమే తాగినవాళ్ల బలహీనత ఏమీ తగ్గలేదు. ఆ తర్వాతి అధ్యయనాలను చూస్తే, వ్యాయామానికి ప్రొటీన్ తోడైతే కొంత అదనపు మేలు ఉందని, తిండి తక్కువైనవాళ్లకు అది మరీ అవసరమని తెలుస్తోంది. వరసలో మాత్రం వ్యాయామమే ముందు.

కమిషనర్ గారూ, ఇక్కడ ప్రొటీన్ గురించి కూడా రాయాలి. ఎందుకంటే మన ప్రాంతంలో ప్రతి మెడికల్ షాపులోనూ, సూపర్‌మార్కెట్‌లోనూ డబ్బాలు వరసగా పేర్చి ఉంటాయి. నాకు ఆ డబ్బాల మీద పగ లేదు. ఆకలి చచ్చిపోయినవాళ్లకు, పళ్లు లేక నమలలేనివాళ్లకు, ఆపరేషన్ అయ్యి కోలుకుంటున్నవాళ్లకు డాక్టరు చెబితే అవి పనికొస్తాయి. కానీ కిలో రెండు మూడు వేలు పెట్టి కొంటున్న డబ్బాలో ఏముందో కూడా నమ్మకం లేదు. కేరళకు చెందిన కాలేయ వైద్యుడు సిరియాక్ అబీ ఫిలిప్స్ బృందం మన దేశంలో అమ్ముతున్న 36 ప్రొటీన్ సప్లిమెంట్లను పరీక్షించి 2024లో ఫలితాలు ప్రచురించింది. దాదాపు 70 శాతం డబ్బాల మీద రాసిన ప్రొటీన్ లెక్క తప్పు. కొన్నింట్లో బూజు వల్ల పుట్టే అఫ్లటాక్సిన్ విషం, పురుగుమందుల ఆనవాళ్లు కూడా దొరికాయి.

ప్రొటీన్ మీద మాట్లాడే హక్కు ప్రపంచంలో మన హైదరాబాద్‌కు ఉన్నంత వేరే ఏ ఊరికీ లేదని నేననుకుంటాను. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో పుట్టి 1958లో ఇక్కడికి వచ్చింది. 1960లలో లోకమంతా పేద దేశాల పిల్లలకు కొరత ప్రొటీనే అని నమ్మి, ప్రొటీన్ పొడులు తయారు చేసే పనిలో పడితే, ఆ సంస్థ డైరెక్టర్ సి. గోపాలన్ ఇక్కడి పిల్లల తిండిని లెక్కగట్టి, అసలు కొరత కడుపు నిండా తిండేనని చెప్పారు. అదే సంస్థ గోధుమలు, శనగపప్పు, వేరుశనగలు, బెల్లంతో హైదరాబాద్ మిక్స్ తయారు చేసింది. వేయించి, పొడి కొట్టి, పాలల్లోనో నీళ్లల్లోనో కలుపుకోవడమే. 86 గ్రాముల మిక్స్‌లో 11 గ్రాముల పైచిలుకు ప్రొటీన్ ఉంటుంది. బలహీనపడ్డ పిల్లల కోసం చేసిన ఆ పొడి తాతలకూ అమ్మమ్మలకూ అంతే పనికొస్తుంది. షుగర్ ఉన్నవాళ్లు బెల్లం మానేసి, శనగపప్పు, పల్లీలు కాస్త పెంచుకోవాలి.

ఆ సంస్థే 2024 మేలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో కండలు పెంచడానికి ప్రొటీన్ సప్లిమెంట్లు వాడొద్దని చెప్పింది. మాదాపూర్ జిమ్‌ల కుర్రాళ్లకు అది సరైన మాట. అయితే ఆ మాట పట్టుకుని పెద్దవాళ్లకు ప్రొటీనే అక్కర్లేదనుకుంటే ప్రమాదం. పెద్దవాళ్లకు మన దేశపు లెక్క ప్రకారం కిలో బరువుకు 0.83 గ్రాములు కావాలి. 55 కిలోల మనిషికి సుమారు 46 గ్రాములు. 2013లో ప్రాట్-ఏజ్ అనే అంతర్జాతీయ నిపుణుల బృందం 65 దాటినవాళ్లకు ఇది చాలదని, కిలోకు 1 నుంచి 1.2 గ్రాములు ఉండాలని సూచించింది. అంటే 55 నుంచి 66 గ్రాములు. కారణం ఉంది. వయసు పెరిగాక కండ మొద్దుబారుతుంది. కుర్రాడి కండ కొద్దిపాటి ప్రొటీన్‌కే స్పందిస్తుంది, పెద్దవాళ్ల కండకు పూట పూటకీ ఎక్కువ ఇస్తేగానీ కదలదు. వ్యాయామం ఆ మొద్దుతనాన్ని కొంత వదిలిస్తుంది.

మరి మన పెద్దవాళ్ల పళ్లెంలో ఏముంది? పొద్దున రెండు మూడు ఇడ్లీలు, పలచటి చట్నీ. మధ్యాహ్నం అన్నం, పప్పు నీళ్లు, చారు, మజ్జిగ. రాత్రికి "నాకేం ఆకలి లేదు" అని రెండు పుల్కాలో, పెరుగన్నమో. అంతా కూడితే ముప్పై, ముప్పై ఐదు గ్రాములు దాటదు. దీన్ని సరిచేయడానికి డబ్బా అక్కర్లేదు. గుడ్డుకు ఆరు గ్రాములు. గ్లాసు పాలకు ఆరేడు. గుప్పెడు పల్లీలకు ఏడు. యాభై గ్రాముల మీల్ మేకర్‌కు పాతిక. ఇడ్లీ బదులు పెసరట్టు వేస్తే పొద్దుటి పూట లెక్కే మారిపోతుంది. పప్పు గట్టిగా వండాలి, అన్నం కాస్త తగ్గించి కూర పెంచాలి. చేపలూ కోడిమాంసమూ తినేవాళ్లకు ఇంకా తేలిక. శనివారాలు, సోమవారాలు అంటూ గుడ్డు మానేసే అమ్మమ్మలకు నేను చెప్పేది ఒకటే: ఆ రోజుల్లో పెరుగు, పల్లీలు, పప్పు రెట్టింపు చేసుకోమని. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం ఏది పెంచాలన్నా ముందు డాక్టర్ని అడగాలి. షుగర్ ఇంతగా ఉన్న ఊళ్లో ఈ జాగ్రత్త చెప్పకుండా ప్రొటీన్ గురించి మాట్లాడకూడదు.

ఇక మీ పార్కుల సంగతి.

కొత్తగూడ బొటానికల్ గార్డెన్‌లోనూ, కాలనీల పార్కుల్లోనూ పొద్దున్నే పెద్దవాళ్లు నడుస్తుంటే చూడముచ్చటగా ఉంటుంది. నడక గుండెకు మంచిది, షుగర్‌కు మంచిది, నలుగురూ కలిసి మాట్లాడుకోవడం మనసుకు ఇంకా మంచిది. కానీ చదును బాటలో నెమ్మదిగా నడిస్తే తొడల్లో కండ నిలబడదు. రోజూ గంట నడిచే పెద్దాయన్ని చేతులు కట్టుకుని కుర్చీలోంచి లేవమంటే లేవలేకపోవడం నేను తరచూ చూసే విషయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు కూడా 65 దాటినవాళ్లు నడకలాంటివి వారానికి 150 నిమిషాలైనా చేయాలంటూనే, దానికి తోడు కండలకు బలాన్నిచ్చే వ్యాయామం వారానికి కనీసం రెండు రోజులు, తూలకుండా నిలబడటానికి సంబంధించినవి మూడు రోజులు చేయాలని విడిగా చెప్పాయి. మనం ఆ మొదటి సగం మాత్రమే పట్టుకున్నాం. వాకింగ్ ట్రాక్‌లు వేశాం.

ఓపెన్ జిమ్‌లు కూడా పెట్టారు, కాదనను. అవి పెద్దవాళ్ల కోసం చేసినవి కావు. నేను చూసిన పార్కుల్లో పెద్దవాళ్లు ఎక్కువగా ఎక్కేది ఎయిర్ వాకర్. రెండు పలకల మీద నిలబడి కాళ్లు ముందుకూ వెనక్కూ ఊపుతారు. ఒకసారి ఊపందుకున్నాక కాలు దానంతటదే పోతుంది, కండ మీద బరువే పడదు. నడుము తిప్పే ట్విస్టర్ కూడా అంతే, పైగా వెన్నెముక అరిగినవాళ్లకు మంచిది కాదు. కాళ్లకు నిజంగా పని చెప్పేది లెగ్ ప్రెస్. దాని సీటు కిందికి ఉంటుంది, బరువు తగ్గించే వీలు లేదు, మోకాళ్ల నొప్పులున్న ఆడవాళ్లు ఎక్కితే దిగలేరు. ఏది ఎవరు ఎలా చేయాలో చెప్పే మనిషి ఉండడు. ఇంకో సంగతి. పొద్దున ఆరింటికి పార్కుకు వచ్చేవాళ్లలో మగవాళ్లే ఎక్కువ. ఆ వేళకు అమ్మమ్మలూ నానమ్మలూ మనవల లంచ్ బాక్సులు సర్దుతుంటారు. వాళ్లకు తీరిక దొరికేది పదింటికి. ఎండాకాలంలో ఆ వేళకు పార్కులో నిలబడలేం. వాళ్లకు కావాల్సింది నీడ, ఫ్యాను, కుర్చీ.

జపాన్‌లో కోచి అనే నగరం సరిగ్గా ఇలాంటి ఏర్పాటే చేసింది. 2002లో అక్కడి నగర పాలక సంస్థ పెద్దవాళ్ల కోసం ఒక వ్యాయామం తయారు చేసింది. కుర్చీలో కూర్చుని, చేతి మణికట్టుకూ కాలి చీలమండకూ పట్టీ కట్టుకుని, పాటకు తగ్గట్టు నెమ్మదిగా ఎత్తి దించడం. ఆ పట్టీలో చిన్న చిన్న కడ్డీలు దూర్చుకుంటూ బరువును మెల్లమెల్లగా 2.2 కిలోల దాకా పెంచుకోవచ్చు. నూరేళ్లు హుషారుగా ఉండాలని దానికి పేరు. పేటలోని హాళ్లలో, స్థానికులే ఒకరికొకరు నేర్పుకుంటూ, వారానికి ఒకటి రెండుసార్లు కలిసి చేస్తారు. అది కోచి నుంచి జపాన్‌లోని ఎన్నో ఊళ్లకు పాకింది. ఖరీదైన యంత్రం ఒక్కటీ లేదు. సింగపూర్‌లో 2015 నుంచి వృద్ధుల కేంద్రాల్లో జిమ్ టానిక్ పేరుతో గాలి ఒత్తిడితో నడిచే యంత్రాలు పెట్టారు. అది కూడా మంచిదే కానీ మనకు కోచి దారే దగ్గర.

మీ జోన్‌లో కమ్యూనిటీ హాళ్లు ఉన్నాయి. పగటిపూట చాలావరకు తాళం వేసే ఉంటాయి. పట్టణ సామాజికాభివృద్ధి విభాగం కింద మహిళా పొదుపు సంఘాలు ఉన్నాయి. సంఘాల్లోని చురుకైన ఆడవాళ్లకు ఫిజియోథెరపిస్టులం మేం శిక్షణ ఇస్తే, హాలుకు ఇద్దరు చొప్పున ఈ వ్యాయామ తరగతులు నడిపించగలరు. వాళ్లకు గౌరవ వేతనం ఇవ్వాలి, ఉచిత సేవ అని నెత్తిన రుద్దితే నాలుగు నెలల్లో ఆగిపోతుంది. వారానికి రెండు రోజులు, పదిన్నర నుంచి పదకొండున్నర. గుండె జబ్బు, ఈమధ్యే కంటి ఆపరేషన్, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్లను ముందుగా డాక్టరు చూడాలి. మిగతావాళ్లకు భయం అక్కర్లేదు. "మోకాళ్లు అరిగాయి, బరువులెత్తితే ఇంకా అరుగుతాయి" అన్న భయం ప్రతి ఇంట్లోనూ వింటాను. తొడ కండ బలపడితే మోకాలి నొప్పి తగ్గుతుంది, పెరగదు. మోకీళ్ల నొప్పికి మేం ఇచ్చే మొదటి చికిత్స అదే.

జబ్బును కనిపెట్టడానికి బస్తీ దవాఖానాలు చాలు. 2018 నుంచి నడుస్తున్న ఆ దవాఖానాల్లో బీపీ, షుగర్ చూస్తున్నారు. వాటితోపాటు ఇంకో నిమిషం పట్టే పని ఒకటి చేర్చమని వైద్య శాఖను మీరు అడగండి. చేతులు ఛాతీ మీద కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోమనడం. పన్నెండు సెకన్లు లేదా అంతకన్నా ఎక్కువ పడితే కాళ్ల బలం తగ్గినట్టేనని ఆసియా దేశాల నిపుణుల బృందం 2019లో లెక్క కట్టింది. దానికి ఫోన్‌లో ఉండే గడియారం చాలు. చేతి పట్టు కొలిచే పరికరం ఒకటి ఉంటే ఇంకా మంచిది. మగవాళ్లలో 28 కిలోల కన్నా, ఆడవాళ్లలో 18 కిలోల కన్నా తగ్గితే బలహీనత కింద లెక్క. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన ప్రతి పెద్దమనిషికీ ఈ పరీక్ష తప్పనిసరిగా చేయాలి, ఎందుకంటే కండ ఎక్కువగా పోయేది పడక మీద ఉన్న ఆ పది పదిహేను రోజుల్లోనే.

గేటెడ్ కమ్యూనిటీలకు క్లబ్‌హౌస్‌లు ఉన్నాయి, అక్కడి అసోసియేషన్లు తలుచుకుంటే రేపే మొదలుపెట్టగలవు. నా మనసంతా బస్తీల మీద ఉంది. ముప్పై ఏళ్లు ఇటుకలు మోసిన మనిషికి బరువులెత్తడం నేర్పాల్సిన పనేముంది అనిపించవచ్చు. నడుము పట్టేసి పని మానుకున్నాక ఆయన కండ కూడా అందరిలాగే కరుగుతుంది, పైగా దాన్ని నిలబెట్టే తిండి లేదు. రేషన్‌లో 2025 ఉగాది నుంచి మనిషికి నెలకు ఆరు కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. మంచి పని. అందులోంచి రోజుకు వచ్చే ప్రొటీన్ పదిహేను గ్రాములే, అది కూడా పప్పు కలవకపోతే పూర్తి ప్రొటీన్ కాదు. గర్భిణులకూ బాలింతలకూ ఆరోగ్య లక్ష్మి కింద 2015 నుంచి అంగన్‌వాడీల్లో భోజనంతోపాటు గుడ్డు, పాలు ఇస్తున్నారు. బడి పిల్లలకు గుడ్డు ఇస్తున్నారు. పింఛను మీద బతికే డెబ్బై ఏళ్ల ముసలామెకు గుడ్డు ఇచ్చే పథకం ఏదీ లేదు. వ్యాయామానికి హాలుకు వచ్చిన ప్రతి ఒక్కరికీ చివర్లో ఒక ఉడికించిన గుడ్డు, వద్దన్నవాళ్లకు గుప్పెడు ఉడికించిన శనగలో పల్లీలో ఇవ్వండి. కండ వ్యాయామం చేసిన తర్వాతే ప్రొటీన్‌ను బాగా అందుకుంటుంది కాబట్టి ఇది వైద్యపరంగానూ సరైన సమయమే. హైదరాబాద్ మిక్స్ తయారీని పొదుపు సంఘాలకే అప్పగించవచ్చు. ఖర్చు మీ బడ్జెట్‌కు బరువనిపిస్తే, ఈ ప్రాంతంలో ఉన్నన్ని కంపెనీలు ఇంకెక్కడున్నాయి? వాళ్ల సీఎస్‌ఆర్ నిధుల్లో ఒక చిన్న ముక్క చాలు. ఆ కంపెనీల ఉద్యోగుల అమ్మానాన్నలే రేపు ఈ హాళ్లకు వచ్చేది.

చందానగర్‌లో గానీ, హఫీజ్‌పేటలో గానీ ఒక్క హాలు ఇప్పించండి. మూడు నెలలు నడిపి, మొదటి రోజూ చివరి రోజూ ఐదుసార్లు లేచి కూర్చోవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో ప్రతి ఒక్కరి పేరు పక్కనా రాసి మీ ముందు పెడతాం. సెకన్లు తగ్గకపోతే ఆపేయండి. తగ్గితే మిగతా వార్డుల్లో తెరవండి.

హాలు ఇచ్చేటప్పుడు కుర్చీల విషయం మీ ఇంజినీర్లకు చెప్పండి. ఫంక్షన్లకు వాడే ప్లాస్టిక్ కుర్చీలు వద్దు, కాళ్లు విచ్చుకుని జారతాయి. సీటు నేల నుంచి 43 సెంటీమీటర్ల ఎత్తులో ఉన్న గట్టి ఇనుప కుర్చీలు, కాళ్లకు రబ్బరు తొడుగులు ఉన్నవి, గోడకు ఆనించి వేయాలి. మొదట్లో లేవలేనివాళ్ల కోసం చేతులున్నవి కొన్ని. ఇరవై కుర్చీలతో మొదలుపెట్టవచ్చు. నేర్పడానికి నాతోపాటు మా వృత్తిలోని మరికొందరు సిద్ధంగా ఉన్నారు.

ఇట్లు,
చందానగర్‌లో పనిచేసే ఒక ఫిజియోథెరపిస్టు